ఫ్రాన్స్ పల్లెల్లో సైకిల్: పచ్చబాటా, కాలవ గట్టా, ఊళ్ల మధ్య తారు రోడ్డా?

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ ప్యానెళ్ల కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. అక్కడ తొక్కినవాళ్లకు ఒక సంగతి తెలుసు. ట్రాక్ మీదికి కారు రాదు, కానీ పక్కన వెళ్లే లారీల హోరు చెవుల్లోంచి పోదు. వెనక నుంచి ఎవరైనా గుద్దుతారేమోనన్న టెన్షన్ తీరుతుంది గానీ మనసు నెమ్మదించదు. ఫ్రాన్స్ పల్లెల్లో సైకిల్ మీద తిరగాలని సలహా అడిగేవాళ్లను నేను మొదట అడిగేది దీని గురించే. మీకు కార్లు అసలే రాని దారి కావాలా, చప్పుడు లేని దారి కావాలా?

రెండూ ఒకటే అనుకుని వచ్చినవాళ్లు చాలామంది వారం రోజులు కాలవ గట్టు మీదే తొక్కి, బాగానే ఉంది కానీ ఏదో తక్కువైందని వెనక్కి వెళ్తారు. నేను నైరుతి ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో ఉంటాను. నా మొదటి రెండేళ్లూ అలాగే గడిచాయి. తర్వాత మ్యాప్ చదవడం నేర్చుకున్నాను. ఇప్పుడు పిల్లలతో వెళ్లే రోజున తప్ప పచ్చబాట ఎక్కను.

పచ్చబాట అని నేనంటున్నది ఇక్కడివాళ్లు వ్వా వెర్త్ అనే దారిని. ఇంజను బండ్లకు ప్రవేశం లేని దారి అని 2004 నుంచి ట్రాఫిక్ చట్టంలోనే ఉంది. సైకిళ్లు, నడిచేవాళ్లు, స్కేటింగ్ చేసేవాళ్లు అందరూ దాన్ని పంచుకోవాలి. ఎక్కువ భాగం మూతపడిన రైలు మార్గాల మీదో, పడవల కాలవల గట్ల మీదో వేసినవే. వెలోరూట్ అనే మాట కూడా వినిపిస్తుంది, అది వేరు. అది బోర్డులు పెట్టి గుర్తించిన దూరప్రయాణపు మార్గం. అందులో కొంత పచ్చబాట, కొంత మామూలు రోడ్డు. బోర్డు మీద సైకిల్ బొమ్మ కనిపించిందని కారు రాదనుకుంటే ఇబ్బంది పడతారు.

రైలు పట్టాల మీది పచ్చబాట

బర్గండీలో జివ్రీ నుంచి క్లూనీ దాకా 44 కిలోమీటర్లు పాత రైలు మార్గం మీద వేసిన దారి 1997లో మొదలైంది. దేశంలో మొదటి పచ్చబాట అదే. ఇప్పుడు క్లూనీ దాటి మాకోన్ వైపు కూడా సాగుతుంది. మధ్యలో బ్వా క్లేర్ అనే 1.6 కిలోమీటర్ల సొరంగం వస్తుంది. చలికాలంలో గబ్బిలాలు అందులో నిద్రపోతాయని వాటికోసం దాన్ని మూసేస్తారు. అప్పుడు కొండ మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. బోర్డో పక్కన రోజే లాపెబీ బాట ఇంకొకటి. 1937లో టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన ఆటగాడి పేరు పెట్టారు. సోవ్‌తేర్ ద గుయెన్ దాకా ద్రాక్ష తోటల మధ్య యాభై ఐదు కిలోమీటర్లకు కాస్త అటూఇటూగా ఉంటుంది, మొత్తం తారే.

ఈ దారుల గొప్పతనం ఏమిటంటే రైలు ఎక్కగలిగిన వాలుకు మించి ఎక్కడా ఎత్తు ఉండదు. పదేళ్లుగా సైకిల్ ముట్టనివాళ్లు, వెనక ట్రైలర్‌లో పసిపిల్లను కూర్చోబెట్టుకున్నవాళ్లు, అమ్మానాన్నలతో వచ్చినవాళ్లు నిశ్చింతగా వెళ్లొచ్చు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఈ దేశంలో హెల్మెట్ తప్పనిసరి, అది మర్చిపోవద్దు.

నాకు కొరతగా అనిపించేది వేరే. రైలు మార్గం నేలను కోసుకుంటూ పోతుంది కాబట్టి చాలా చోట్ల రెండు వైపులా గట్టో, గుబురు చెట్లో అడ్డం ఉంటాయి. స్టేషన్లు ఊరి బయట కట్టినవి. అంచేత ఊళ్లు కనిపించవు, ఊరి చర్చి గంట మాత్రం దూరం నుంచి వినిపిస్తుంది. రోడ్డు దాటే ప్రతిచోటా కార్లు రాకుండా అడ్డుకమ్మీలు పెట్టారు. నిండు సంచులు కట్టిన సైకిల్‌ను ప్రతి కిలోమీటరుకూ వాటి మధ్య నుంచి మెలితిప్పి తీయడం విసుగు. ఆదివారం మధ్యాహ్నం పట్టణాల దగ్గర పొడవాటి తాడుతో కుక్కలు, అప్పుడే సైకిల్ నేర్చుకుంటున్న పిల్లలు ఉంటారు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో రోడ్ బైక్ మీద అక్కడికి వెళ్లడం వాళ్లకూ న్యాయం కాదు, మనకూ హాయి కాదు.

కాలవ గట్లు: ఒకటి కాదు, రెండు

తులూజ్‌లో రెండు కాలవలు కలుస్తాయి. బయటివాళ్లు రెండింటినీ ఒకటిగా చూస్తారు. సైకిల్‌కి సంబంధించినంతవరకు అవి రెండు వేర్వేరు ప్రపంచాలు.

తూర్పు వైపు వెళ్లేది కనాల్ దు మిదీ. 1666 నుంచి 1681 మధ్య పియెర్ పాల్ రికే తవ్వించాడు. ఇక్కడి నుంచి మధ్యధరా తీరంలోని ‘తో’ అనే సరస్సు దాకా 240 కిలోమీటర్లు. 1996లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. అందరూ ఫోటోల్లో చూసి వచ్చేది దీనికోసమే. తులూజ్ నుంచి మొదటి యాభై కిలోమీటర్లు చక్కటి తారు బాట. కానీ ఆ యాభై కిలోమీటర్లలో చాలా దూరం ఏ61 మోటార్‌వే పక్కపక్కనే నడుస్తుంది. నీళ్ల మీద చెట్ల నీడ, పడవ, బాతులు అన్నీ ఉన్నాయి, వాటి వెనక లారీల రొద కూడా ఉంది. నేను మొదట్లో చెప్పిన సోలార్ ట్రాక్ గుర్తొచ్చింది అక్కడే.

నోరూజ్ దగ్గర 189 మీటర్ల ఎత్తున నీళ్లు ఒకవైపు అట్లాంటిక్‌కి, ఒకవైపు మధ్యధరాకి విడిపోతాయి. ఆ చోటు దాటి ఔడ్ జిల్లాలోకి వెళ్లాక రొద తగ్గుతుంది, తారు కూడా పోతుంది. పనులు జరిగి బాగుపడిన ముక్కలున్నాయి, కానీ చాలా చోట్ల ఇంకా మట్టిబాటే. గట్ల వెంట నీడకు నాటిన ప్లేన్ అనే జాతి చెట్ల వేళ్లు దారికి అడ్డంగా పైకి లేచి ఉంటాయి. వాన పడితే బురద. 28 మిల్లీమీటర్ల సన్న టైర్లతో వచ్చి కార్కాసోన్ చేరేలోపు మణికట్లు నొప్పి పుట్టినవాళ్లను చూశాను. ఆ చెట్లకు 2006 నుంచి బూజు తెగులు పట్టింది. గట్ల వెంట 42 వేల చెట్లుండేవి, వాటిలో వేలకు వేలు నరికేయాల్సి వచ్చింది. కొత్త మొక్కలు నాటారు, నీడ ఇవ్వడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. జులై ఎండలో ఆ ఖాళీ గట్ల మీద తొక్కడం కష్టమే. చెట్లు పోయిన చోట ఆగినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

పడమర వైపు, బోర్డో దిక్కుకు వెళ్లేది గరోన్ కాలవ. 193 కిలోమీటర్లు. దీని పేరు తక్కువమందికి తెలుసు, సైకిల్‌కి మాత్రం ఇదే మేలు. దాదాపు మొత్తం తారు బాట. మొయిసాక్ దగ్గర తార్న్ నది మీదుగా కాలవనే 356 మీటర్ల వంతెన మీద దాటించారు. కింద నది, మధ్యలో కాలవ, పక్కన మనం. కోనసీమలో గన్నవరం అక్విడక్టు మీద నిలబడినవాళ్లకు ఆ దృశ్యం కొత్తగా ఉండదు, అయినా సైకిల్ దిగకుండా వెళ్లబుద్ధి కాదు. ఈ కాలవకు ఉన్న లోపం నిటారుతనం. అరగంట తొక్కినా ఎదురుగా అదే నీటిగీత, అవే చెట్ల వరసలు. గాలి ఎదురుగా ఉంటే తప్పించుకోవడానికి మలుపు కూడా ఉండదు.

కాబట్టి కాలవే కావాలనుకుంటే నా ఓటు గరోన్‌కి. మట్టిబాటలకు పనికొచ్చే గ్రావెల్ బైకో, 35 మిల్లీమీటర్లు దాటిన టైర్లో ఉండి, చరిత్ర మీద ఇష్టం ఉంటే మిదీ.

పేరున్న పొడవాటి మార్గాలు

వీటి గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే సమాచారం ఎక్కడైనా దొరుకుతుంది. లువార్ నది వెంట 900 కిలోమీటర్ల లా లువార్ ఆ వెలో, జెనీవా సరస్సు నుంచి సముద్రం దాకా 815 కిలోమీటర్ల వియారోనా, అట్లాంటిక్ తీరం వెంట 1,200 కిలోమీటర్లకు పైగా సాగే వెలోదిసే. బోర్డులు బాగుంటాయి. సైకిల్ పెట్టుకోవడానికి చోటు, రిపేరు సామాను ఉన్న బసలకు అక్వేయ్ వెలో అనే గుర్తు ఇస్తారు. భాష రాకపోయినా ఇబ్బంది లేదు. మొదటిసారి ఒంటరిగా వచ్చినవాళ్లకు లువార్ మంచి ఎంపిక. కోటలు చూడాలనుకుంటే ఇంకా మంచిది. కానీ జులై, ఆగస్టుల్లో ఏకాంతం ఆశించవద్దు. గాలి సంగతి చూసుకోండి. రోన్ లోయలో ఉత్తరం నుంచి మిస్త్రాల్ వీస్తుంది కాబట్టి పైనుంచి కిందికి తొక్కాలి. లువార్ మీద పడమటి గాలి ఎక్కువ, సముద్రం వైపు వెళ్లేవాళ్లకు అది ఎదురుగాలి.

ఊళ్ల మధ్య చిన్న రోడ్డు

నేను మనసారా చెప్పదలచుకున్నది ఈ దారి గురించే.

ఫ్రాన్స్‌లో మొత్తం రోడ్లు సుమారు 11 లక్షల కిలోమీటర్లు. మోటార్‌వేలు, నేషనల్ రోడ్లు కలిపినా అందులో రెండు శాతం. మిగతాదంతా జిల్లా రోడ్లు, పంచాయతీ రోడ్లు. దేశంలో దాదాపు 35 వేల కమ్యూన్లు, అంటే మన పంచాయతీల్లాంటివి, ఉన్నాయి. ప్రతి చిన్న ఊరికీ, ఊరి శివారు పల్లెకూ, ఒక్కోసారి ఒకే ఒక్క పొలం ఇంటికీ తారు రోడ్డు వేశారు. తర్వాత జనం పట్టణాలకు వెళ్లిపోయారు. రోడ్లు ఉండిపోయాయి, జిల్లా పరిషత్తులు, పంచాయతీలు వాటిని నేటికీ బాగుచేస్తూనే ఉన్నాయి. మన డొంకదారికి నున్నగా తారు వేసి, బండ్లు, మనుషులు లేకుండా చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అలాంటివి వేల కిలోమీటర్లు. కొన్నింటి మీద రెండు చక్రాల జాడల మధ్య తారును చీల్చుకుని గడ్డి మొలిచి ఉంటుంది. అలాంటి రోడ్డు మీద గంట తొక్కితే ఒక తపాలా వ్యాను, ఒక ట్రాక్టరు ఎదురైతే ఎక్కువ.

ఈశాన్యాన మెజ్ నుంచి నైరుతిన లాండ్స్ దాకా దేశానికి అడ్డంగా జనం పల్చబడిన పట్టీ ఒకటుంది. దాన్ని ఇక్కడివాళ్లు ఖాళీ కర్ణరేఖ అని పిలుస్తారు. ఆ పట్టీలోనూ, దాని అంచుల్లోనూ ఉన్న మూడు జిల్లాలను పోల్చి చెబుతాను.

జెర్స్

తులూజ్‌కి పడమర. చదరపు కిలోమీటరుకు ముప్పై మంది ఉంటారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 2011 లెక్కల ప్రకారం అది మూడు వందలు దాటింది. పొద్దుతిరుగుడు తోటలు, వెల్లుల్లి పొలాలు, బాతుల ఫారాలు, గుట్ట మీద రాతి ఊళ్లు. ఆకాశం తేటగా ఉన్న ఉదయం దక్షిణాన పిరనీస్ మంచు కొండలు వరసగా కనిపిస్తాయి.

ఇక్కడ ఒక కిటుకు తెలిస్తే చాలు. నదులన్నీ దక్షిణాన ఒక పీఠభూమి దగ్గర మొదలై విసనకర్ర పుల్లల్లా ఉత్తరానికి విచ్చుకుంటాయి. సావ్, జిమోన్, అరాట్స్, జెర్స్, బాయిజ్. అందువల్ల తూర్పు పడమరలుగా వెళ్తే ప్రతి అయిదారు కిలోమీటర్లకూ ఒక గుట్ట ఎక్కి దిగాలి, రంపం పళ్ల మీద నడిచినట్టు. ఉత్తర దక్షిణాలుగా వెళ్తే సాఫీ. అయితే లోయలోని రోడ్డు మీద కార్లు ఉంటాయి, ఎందుకంటే పట్టణాలు అక్కడే ఉన్నాయి. రెండు లోయల మధ్య గట్టు వెన్ను మీద ఇంకో రోడ్డు ఉంటుంది. అది ఎక్కండి. రెండు పక్కలా చూపు ఆనినంత దూరం పొలాలు, రోడ్డు మీద మీరొక్కరే. ఎన్21, ఎన్124 అనే నేషనల్ రోడ్లు రెండింటినీ మాత్రం దాటడానికి తప్ప వాడొద్దు.

మూడింటిలో మొదటిసారి వచ్చేవాళ్లకు నేను చెప్పేది జెర్స్. ఎత్తులు చిన్నవి, ఊళ్లు దగ్గర, బసలు దొరుకుతాయి, తిండి బాగుంటుంది.

క్రొజ్

దేశం నడిబొడ్డున ఉంది. చదరపు కిలోమీటరుకు ఇరవై మంది. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ఇక్కడ 2 లక్షల 80 వేలకు పైగా జనం ఉండేవారు. ఇప్పుడు లక్షా పదిహేను వేలకు కాస్త అటూఇటూ. ఈ నేల రాళ్ల నేల, పంట చాలదు. మగవాళ్లు తాపీ పని నేర్చుకుని, వసంతం రాగానే కాలినడకన పారిస్ వెళ్లి, భవనాలు కట్టి, చలికాలానికి ఇంటికి తిరిగి వచ్చేవారు. పాలమూరు కూలీల బతుకు తెలిసిన మనకు ఆ కథ వెంటనే అర్థమవుతుంది. క్రమంగా వాళ్లు వెనక్కి రావడం మానేశారు. తలుపులు మూసిన గ్రానైట్ ఇళ్ల మధ్య నుంచి సైకిల్ వెళ్తున్నప్పుడు ఆ నిశ్శబ్దం ఎక్కడి నుంచి వచ్చిందో తలుచుకోకుండా ఉండలేను.

తొక్కడానికి ఇది అద్భుతం, కానీ తేలిక కాదు. పెద్ద కొండలు లేవు, చదును కూడా లేదు. దిగుడు అవగానే ఎక్కుడు. దక్షిణాన మిల్‌వాష్ పీఠభూమి మీద అడవులు, చిత్తడి నేలలు, చల్లటి గాలి. అక్కడ కలప నరుకుతారు కాబట్టి పనిరోజుల్లో దుంగల లారీలు చిన్న రోడ్ల మీదికి వస్తాయి. ఆదివారం రావు. అన్నిటికన్నా పెద్ద సమస్య తిండి. ముప్పై కిలోమీటర్ల దూరం ఒక్క దుకాణం లేకుండా గడిచిపోవచ్చు. ముందురోజే కొని సంచిలో పెట్టుకోవాలి.

లొజేర్

దేశంలో అతి తక్కువ జనం ఉన్న జిల్లా. చదరపు కిలోమీటరుకు పదిహేను మంది. ఇక్కడ జనం చేసే పొరపాటు ఒక్కటే. తార్న్ లోయలో నది వెంట పోయే డి 907 బిస్ రోడ్డు ఫోటోలు చూసి ఆగస్టులో వస్తారు. ఆ నెలలో ఆ రోడ్డు మీద కారవాన్లు, మోటార్ సైకిళ్లు, పడవలు మోసే వ్యాన్లు వరసకట్టి ఉంటాయి. సెంత్ ఎనిమీ దగ్గర ఆ లోయ వదిలి మెలికల రోడ్డు మీద పైకి ఎక్కండి. నాలుగైదు వందల మీటర్ల ఎత్తు కాళ్లు వణికిస్తుంది నిజమే. పైన కోస్ మేజాన్ అనే సున్నపురాయి పీఠభూమి వస్తుంది. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున గడ్డి మైదానం, రాళ్లు, గొర్రెలు, గాలి. అంతే. 1993 నుంచి అక్కడ మంగోలియా అడవి గుర్రాలను పెంచుతున్నారు, దారి పక్కన దూరంగా కనిపించొచ్చు. అంత నిశ్శబ్దం నేను ఇంకెక్కడా వినలేదు. సైకిల్ ఆపితే చైన్‌కి పట్టిన ఇసుక రాలడం కూడా వినిపించింది.

సున్నపురాయి నేల మీద నీళ్లు నిలవవు. పైన వాగూ లేదు, చెరువూ లేదు. కిందనే మూడు సీసాలు నింపుకోండి. ముందు 34, వెనక 34 పళ్ల గేరు ఉంటే మోకాళ్లు బతుకుతాయి. సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ దాకా ఇక్కడి ‘సెవెన్’ అనే పేరున్న కొండల్లో ఒక్కసారిగా కుంభవృష్టి కురిసి వాగులు పొంగుతాయి. ఆ రోజుల్లో వాతావరణ హెచ్చరిక చూడకుండా బయల్దేరవద్దు. లొజేర్ మొదటి యాత్రకు కాదు. రెండోసారికి దాచుకోండి.

ఇక పెద్ద కనుమలు, కొండల సంగతి. టూర్మాలే, గాలిబియే, వాంతూ లాంటివి ప్రశాంతత కోసం కాదు, పట్టుదల కోసం. ఎండ కాసిన ఆదివారం వాటి మీద మోటార్ సైకిళ్ల మోత చాలా ఎక్కువ. ఆల్ప్స్‌లో వేసవిలో కొన్ని ఉదయాలు కొన్ని కనుమలను సైకిళ్లకే వదిలి కార్లను ఆపేస్తారు. మీ తేదీలు దానితో కుదిరితే తప్పక వెళ్లండి.

మ్యాప్‌లో నిశ్శబ్దాన్ని ఎలా వెతకాలి

ఫోన్ యాప్ దగ్గరి దారి చూపిస్తుంది. దగ్గరి దారిలోనే కార్లు కూడా వెళ్తాయి. అందుకే నేను ఇంకా మిషెలిన్ కాగితం మ్యాప్ కొంటాను, జిల్లాలవి, సెంటీమీటరుకు ఒకటిన్నర కిలోమీటరు కొలతతో. అందులో ఎర్ర రోడ్డు వదిలేయండి, పసుపు రోడ్డు అవసరమైతేనే, తెల్ల రోడ్డు మనది. రోడ్డు మీద బాణం గుర్తులు ఎక్కుడు చూపిస్తాయి. ఒకటి ఉంటే 5 నుంచి 9 శాతం, రెండుంటే 9 నుంచి 13, మూడుంటే అంతకుమించి. బాణం మొన పైకి ఎక్కే దిక్కున ఉంటుంది.

తెల్ల రోడ్లన్నీ ఒకటి కావు. రెండు పట్టణాలను కలిపే తెల్ల రోడ్డు అడ్డదారిగా మారి, ఉదయం ఎనిమిదికీ సాయంత్రం అయిదున్నరకూ నిండిపోతుంది. ఎర్ర రోడ్డుకో, పసుపు రోడ్డుకో సమాంతరంగా రెండు మూడు కిలోమీటర్ల దూరంలో మెలికలు తిరుగుతూ పల్లెలను కలిపే తెల్ల రోడ్డు బంగారం. తొందర ఉన్నవాళ్లందరినీ పెద్ద రోడ్డు లాగేసుకుంటుంది. జిల్లా కేంద్రం చుట్టూ పది పదిహేను కిలోమీటర్లు ఏ రంగు రోడ్డయినా అనుమానించండి, ఆ దూరం రైల్లో దాటేయడం మేలు. చివరిగా, కంప్యూటర్‌లో రోడ్డు ఫోటోలు తెరిచి చూడండి. మధ్యలో తెల్ల గీత గీసి ఉంటే కార్లు తిరిగే రోడ్డు. గీత లేకపోతే మంచిది. గడ్డి ఉంటే ఇక ఆలోచించకండి.

దారి ఎంత ముఖ్యమో వేళ అంత ముఖ్యం. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా పల్లె ఫ్రాన్స్ భోజనానికి కూర్చుంటుంది, పసుపు రోడ్లు కూడా ఖాళీ. నేను పదకొండున్నరకు తినేసి ఆ రెండు గంటలూ తొక్కుతాను. శనివారం రాత్రి 10 నుంచి ఆదివారం రాత్రి 10 దాకా ఏడున్నర టన్నులు దాటిన లారీలు, కొన్ని మినహాయింపులు తప్ప, రోడ్డెక్కకూడదు. ఆదివారం ఉదయం అంత హాయి ఇంకే పూటా ఉండదు. నెలల్లో మే, జూన్, సెప్టెంబర్. శరదృతువు నుంచి ఫిబ్రవరి దాకా వేట కాలం, అడవి దారుల్లో మెరిసే రంగు చొక్కా వేసుకోండి. ఊరి బయట రాత్రిపూట, మసక వెలుతురులో మెరిసే జాకెట్ ఎలాగూ చట్టప్రకారం తప్పనిసరి.

కార్లవాళ్ల గురించి భయపడేవాళ్లకు ఒక మాట. ఊరి బయట సైకిల్‌ను దాటేటప్పుడు మీటరున్నర ఎడం వదలాలని చట్టం. అందుకోసం మధ్య గీత దాటడానికి కూడా 2015 నుంచి వాళ్లకు అనుమతి ఉంది. చాలామంది పాటిస్తారు. హారన్ కొట్టకుండా వెనకే నెమ్మదిగా వచ్చి, వీలైనప్పుడు దాటిపోతారు. మొదటిసారి నాకు వెనక కారుందని కూడా తెలియలేదు. అలాగని పూర్తిగా నిశ్చింత వద్దు. 2018లో రెండు వరసల రోడ్ల మీద వేగ పరిమితిని 90 నుంచి 80కి తగ్గించారు, తర్వాత జిల్లాలకు స్వేచ్ఛ ఇస్తే క్రొజ్, కాంతాల్ లాంటి జనం తక్కువ జిల్లాలు చాలా రోడ్లను మళ్లీ 90కి పెంచాయి. ఖాళీ పసుపు రోడ్డు మీద వచ్చే ఆ ఒక్క కారు వేగంగా వస్తుంది. ఊళ్లలో ఇంకో ముప్పు ఉంది. బోర్డు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాడిదే హక్కు, ఎంత చిన్న సందు నుంచి వచ్చినా సరే. ఎడమవైపు నడపడం అలవాటైన మనకు ఇది ఒంటబట్టడానికి రెండు మూడు రోజులు పడుతుంది. వేసవిలో తారు మీద సన్న కంకర చల్లి వదిలేస్తారు, గ్రావియోన్ అని బోర్డు కనిపిస్తే మలుపుల్లో బ్రేకు గట్టిగా వేయొద్దు.

నీళ్లకు ఊరి శ్మశానం గేటు దగ్గర కుళాయి చూడండి. పూల కోసం పెడతారు, సైకిల్‌వాళ్లందరూ అక్కడే నింపుకుంటారు. నాన్ పొతాబ్ల్ అని రాసి ఉంటే మాత్రం తాగకూడదు. బేకరీలు చాలా చోట్ల సోమవారం మూత, దుకాణాలు మధ్యాహ్నం మూత, ఆదివారం మధ్యాహ్నం తర్వాత అన్నీ మూత. శాకాహారులు ఇంకొంచెం ముందుచూపుతో ఉండాలి. జెర్స్‌లో బాతు మాంసం లేని పళ్లెం అడగాలంటే బస మాట్లాడుకున్నప్పుడే చెప్పాలి, మాంసం, చేప రెండూ వద్దని విడిగా. లొజేర్ ఉత్తరాన ఓబ్రాక్‌లో అలిగో దొరుకుతుంది, బంగాళాదుంపలు, చీజ్ కలిపి తీగలు సాగేలా గిలకొట్టిన వేడి ముద్ద. కొండ ఎక్కి వచ్చాక దానికి సాటి లేదు. నిష్ఠగా ఉండేవాళ్లు ఒకటి గమనించాలి, ఇక్కడి సంప్రదాయ చీజ్‌లు చాలావరకు దూడ పొట్ట నుంచి తీసిన పదార్థంతో పాలు విరిచి చేసినవి. ఇండియా నుంచి వచ్చేటప్పుడు కందిపొడి, ఆవకాయ తెచ్చుకోండి. నెయ్యి, పాల స్వీట్లు యూరప్‌లోకి తేవడానికి వీల్లేదు.

ప్రాంతీయ రైళ్లలో సైకిల్‌ను చాలావరకు అలాగే ఎక్కించొచ్చు. దూరప్రాంతపు రైళ్లలో సైకిల్‌కి విడిగా రిజర్వేషన్ కావాలి, లేదా చక్రాలు విప్పి 130 బై 90 సెంటీమీటర్ల సంచిలో సర్దాలి.

నాలుగేళ్లకోసారి పారిస్–బ్రెస్ట్–పారిస్ 1,200 కిలోమీటర్ల రైడ్‌కి మన దేశం నుంచి కూడా రైడర్లు వస్తారు. 90 గంటల గడువులో నిద్ర కాచుకుంటూ తొక్కేస్తారు. మీరు వాళ్లలో ఒకరైతే తిరుగు విమానం టికెట్ నాలుగు రోజులు ఆలస్యంగా పెట్టుకుని తులూజ్ రండి. మామూలుగా వచ్చేవాళ్లకూ ఇదే చెబుతాను. కాలవ గట్టు, ఊళ్ల మధ్య చిన్న రోడ్డు, ఈ రెండింటిలో ఏది నచ్చుతుందో తేల్చుకోలేకపోతే రెండూ ఒకే యాత్రలో చూడొచ్చు. మొదటి రోజు ప్రాంతీయ రైల్లో జెర్స్ జిల్లా కేంద్రం ఓష్ దాకా వెళ్లి, ఎన్21 జోలికి పోకుండా దానికి తూర్పున గట్టు వెన్ను మీది రోడ్డు పట్టుకుని లెక్తూర్ చేరండి. రెండో రోజు లెక్తూర్ నుంచి మొయిసాక్, యాభై కిలోమీటర్ల పైచిలుకు. అది రంపం పళ్ల దిక్కు, రోజంతా పెట్టుకోండి. మధ్యలో ఓవియార్ ఊరి గుట్ట మీద నుంచి గరోన్ లోయ మొత్తం కనిపిస్తుంది, గోల్ఫెష్ అణు కేంద్రం గోపురాలతో సహా. మూడో రోజు మొయిసాక్ నుంచి కాలవ గట్టు మీద తులూజ్ దాకా డెబ్బై కిలోమీటర్లు, ఒక్క ఎక్కుడు కూడా లేదు. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి పొద్దున మొయిసాక్‌లోని పాత క్రైస్తవ మఠం రాతి శిల్పాలు తీరిగ్గా చూసి, మధ్యాహ్నం బయల్దేరినా సరిపోతుంది.